రెండో వైపు పాటలు

"ఒకే వైపుకి తుడవాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే గీతలు పడతాయి" అని పెళ్ళైన కొత్తలో మా ఆయన నా చెయ్యి పట్టుకుని మరీ నేర్పించారు, రికార్డుల మీద దుమ్ము ఎలా తుడవాలో. చెయ్యి పట్టుకున్నందుకే మురిసిపోయాను అప్పట్లో. అప్పటినుంచీ ప్రతి బుధవారం, నాకు ఆఫీసు సెలవు రోజున, వారానికో అర చొప్పున తుడుస్తూనే ఉన్నాను. ఏ రికార్డు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇరవై రెండేళ్ళలో నా అంతట నేను ఒక్కటి కూడా పెట్టుకుని విన్న పాపాన పోలేదు. వినొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

"మా ఆవిడకి అన్నీ మంచి గుణాలే గానీ, పాపం, సంగీతానికి చెవి లేదు" అంటారు ఆయన, ఆదివారాలు పాటలు వినడానికి వచ్చే స్నేహితులతో. నేను టీ అందిస్తూ నవ్వుతాను. ఆ జోకు ఎంత పాతబడిందంటే, వాళ్ళిప్పుడు నవ్వడం మానేసి తలలు ఊపి ఊరుకుంటున్నారు. అలాగని ఆయన చెడ్డవారేం కాదు. నాకు తలనొప్పొస్తే మాత్రా నీళ్ళూ తెచ్చిచ్చి, పక్కన కూర్చుని, వయొలిన్ కూడా పెడతారు. తలనొప్పి తగ్గకపోవడానికి ఆ మూడోదే కారణమని నేనెప్పుడూ చెప్పలేదు.

మొన్న అమ్మాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయాక దాని గది ఖాళీ అయింది. ఆ కిటికీ దగ్గరో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుందామని నాకో చిన్న ఆశ. ఈలోగానే అరలూ, రికార్డులూ, రెండు పెద్ద స్పీకర్లూ అందులోకి వచ్చేశాయి. "ఖాళీగానే ఉందిగా" అన్నారు. నిజమే. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మా కాపురమంతా ఈ రెండు ముక్కల మీదే సాఫీగా నడిచిపోయింది.

"ఆ అట్టపెట్టెలు కాస్త అటకెక్కించెయ్. ఎలాగూ ఇంట్లోనేగా ఉంటావ్" అని చెప్పి పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్ళారు ఆ బుధవారం. స్టూలెక్కి పాత సామాను వెనక్కి నెడుతుంటే ఏదో అడ్డం తగిలింది. లాగి చూస్తే చెప్పుల డబ్బా. రిబ్బను కట్టి ఉంది. ఆ ముడి నేను వేసిందే. స్టూలు మీద నిలబడే విప్పాను. పదకొండు క్యాసెట్లు.

హాస్టల్లో నా గదిలో ఉండే పిల్లని అందరం తుఫాను అనేవాళ్ళం. వాళ్ళన్నయ్య దగ్గర పాటలు రికార్డు చేసి నాకిచ్చింది. అన్నీ గిటార్లూ డ్రమ్సూ దద్దరిల్లే రాక్ పాటలు. మంచాలు గోడకి నెట్టేసి గెంతేవాళ్ళం, కిందగది వాళ్ళు చీపురుకర్రతో సీలింగు పొడిచేదాకా. పెళ్ళయ్యాక వాటిని చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. రెండోవారం ఇల్లు తుడుస్తూ ఒకటి పెట్టాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చారు. "ఇదేం గోలమ్మా, గిన్నెలు మెట్ల మీంచి దొర్లుతున్నట్టు! ఇల్లాలివి, ఇలాంటివి అటక మీద పెట్టెయ్." ఆయన పేపరు చాటునుంచి, "కొత్త కదమ్మా, టేస్టు మెల్లగా మారుద్దాంలే" అన్నారు ఎంతో ప్రేమగా. నా టేస్టు మారలేదు. నాకొకటి ఉందన్న సంగతే మర్చిపోయాను.

అట్టపెట్టెలు నేల మీద ఉండగానే, అమ్మాయి గదిలో అందరూ మర్చిపోయిన క్యాసెట్ ప్లేయరు దుమ్ము దులిపి, ఆయన పెద్ద స్పీకర్లకి తగిలించి ఒకటి పెట్టాను. ముందు బరబరమంది. తరవాత అందుకుంది. మొదటి వైపు పాటలన్నీ నాకు కంఠతా వచ్చినవే. నా పాదం ఆడుతోందని కాసేపటికి గానీ గమనించలేదు. అయిపోయాక మళ్ళీ విందామని చూస్తే వెనక్కి తిప్పే బటన్ పనిచెయ్యలేదు. ఎంత నొక్కినా టిక్కుమంటుంది గానీ కదలదు. క్యాసెట్ బయటికి తీస్తే అట్ట మీద తుఫాను గొలుసు రాత: "రెండో వైపు బాగోదు. తిప్పకు."

ఆ ఒక్క ముక్కతో మూడేళ్ళు హాస్టల్లో ఆ క్యాసెట్ని ఎప్పుడూ తిప్పలేదు నేను. బాగుందో లేదో నా చెవులతో విని చూద్దామని కూడా అనిపించలేదు. రికార్డుల సంగతి తరవాత, నేను మాట వినడం అంతకుముందే నేర్చుకున్నానన్నమాట! తిప్పి పెట్టాను.

మొదట బేస్ గిటార్ ఒక్కటే. ఎవరో బరువైన మనిషి తొందర లేకుండా మేడమెట్లు ఎక్కుతున్నట్టు. నిమిషం పైగా అదే. పాతికేళ్ళ వయసులో అయితే విసుగొచ్చి ముందుకి తిప్పేసేదాన్నేమో. తరవాత డ్రమ్స్. ఆ తరవాత ఒక ఆడగొంతు, బొంగురుగా, బతిమాలకుండా, డాబా మీంచి వీధిలో మనిషిని పిలుస్తున్నట్టు. ఇంగ్లీషు సగమే అర్థమైంది. ఒంటి మీద రోమాలు మాత్రం మొత్తం లేచి నిలబడ్డాయి. ఇంత పాట నా చెప్పుల డబ్బాలో నాకు తెలియకుండా ఉందా అనుకుంటుంటే, గుమ్మంలో అత్తయ్య.

ఆవిడకి ఎనభై ఒకటి. ఆరేళ్ళుగా చెవులు సరిగా వినపడవు. మిషను పెట్టుకోమంటే "చెవిలో పురుగు దూరినట్టుందే" అని తీసి డబ్బాలో పడేశారు. దగ్గరగా వెళ్ళి, పెదాలు కనపడేలా మాట్లాడితే అందుకుంటారు. కొత్తకోడలిలా గభాల్న లేచి ఆపబోయాను.

"ఉండనీ" అన్నారు. నెమ్మదిగా వచ్చి స్పీకరు మీద అరచెయ్యి ఆనించారు. మొహం విప్పారింది. "ఇది నాకు వినపడుతోందే!"

"నిజంగానా అత్తయ్యా?"

"దబ్ దబ్‌మని ఇక్కడ తగుల్తోంది" అంటూ గుండె చూపించారు. "ఎవరో పిల్ల కూడా అరుస్తోంది. ఏమంటోంది?"

"కిటికీ తియ్యమంటోంది."

"తీస్తే పోలా?" అని ఆవిడే వెళ్ళి కిటికీ తెరిచారు.

మరి రోజూ సాయంత్రం ఆయన పెట్టే వయొలిన్ సంగతేంటని అడిగాను. కాలేజీనుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని అరగంట వినిపించడం ఆయన నియమం. ఈవిడ కళ్ళు మూసుకుని తన్మయంగా తలూపుతారు.

"దాని మొహం, అది వినపడి ఆరేళ్ళయింది" అన్నారు అత్తయ్య. "వాడు పాట పెట్టి నా మొహంలోకి చూస్తాడే, చిన్నప్పుడు పలక చూపించినట్టు. బాగోలేదని ఎలా అనను? వాడి వేళ్ళు ఆడుతున్నంతసేపూ తలూపి, అవి ఆగగానే ఆపేస్తాను."

ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ, "ఇంత మంచివి ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావే?" అని అడిగారు.

"మీరే పెట్టమన్నారుగా, అటక మీద."

ఆవిడ నవ్వు ఆగింది. నా పెదాల వంక కాసేపు చూశారు, సరిగ్గానే విన్నారో లేదో అన్నట్టు.

"నేనా? అయితే అప్పుడు నాకు చెవులున్నాయి గానీ బుద్ధి లేదు" అన్నారు. అని, నా చెయ్యి తీసుకుని స్పీకరు మీద తన చెయ్యి పక్కన పెట్టారు.

ఆ తరవాత బుధవారాలు మా ఇద్దరివీ అయిపోయాయి. పదకొండు క్యాసెట్ల రెండో వైపులూ వరసగా విన్నాం. కొన్ని నిజంగానే బాగోలేవు, తుఫానుకి అన్యాయం చెయ్యకూడదు. కానీ బాగోలేవని నేను విని తేల్చుకోవడంలో ఎంత సుఖం ఉందో! రికార్డుల అరలు తుడవడం మానేశాను, మానేశానని కూడా తెలియకుండా. ఆఫీసులో నా పని నీళ్ళ ఫిర్యాదుల ఫోను ఎత్తడం. "మీ గొంతు మెత్తన మేడమ్, తిట్టేవాళ్ళని మీరే బాగా చల్లబరుస్తారు" అని మా సూపర్‌వైజరు మొండి కాల్స్ అన్నీ నాకే మళ్ళిస్తాడు. అది మెచ్చుకోలని పదేళ్ళు నమ్మాను. ఒకరోజు మాత్రం, "ఇవాళ్టి నుంచి తలా కొన్ని పంచండి సార్" అన్నాను. గొంతు కొంచెం బొంగురుగానే వచ్చింది. అతను మారుమాట లేకుండా పంచాడు. ఇంత తేలికా అనుకున్నాను.

ఐదో బుధవారం కాలేజీలో కరెంటు పోయిందని ఆయన మధ్యాహ్నమే వచ్చేశారు. తలుపు చప్పుడు మాకు వినపడలేదు. తలెత్తేసరికి బ్యాగు భుజానుంచి దించకుండా గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను నేల మీద, అత్తయ్య కుర్చీలో స్పీకరుని కౌగిలించుకున్నంత పని చేసి.

"అమ్మా, ఇంత గోల నీకు పడదు కదా!" అన్నారు దగ్గరకొచ్చి.

"పడదని ఎవరన్నారు? నాకు వినపడేదే ఇదొక్కటి" అన్నారావిడ, ఆనందంలో నోరు జారి. ఆ తరవాత కొడుకు మొహం చూసి తడబడ్డారు.

ఆయనకి అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. "మరి... సాయంత్రాలు?"

"అది వినపడదు నాన్నా. నువ్వు అరగంట నా పక్కన కూర్చుంటావు కదా. అందుకని ఊపాను."

ఆయన కళ్ళు చెమర్చాయి. తల్లి భుజం మీద చెయ్యి వేసి, నావైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఇవి ఎవరివి?"

"నావి."

"నీకు ఇలాంటివి ఇష్టమని నాకెప్పుడూ చెప్పలేదే?" కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. పోనీలెండి, ఏదో కాలక్షేపానికి, టీ పెడతానుండండి అనే మాటలన్నీ అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. ఆయనంటే నాకు ఇష్టం. అందుకే వాటిని మింగేశాను.

"చాలా ఉంది చెప్పడానికి" అన్నాను. "కూర్చోండి. ముందు ఈ పాట అవనివ్వండి."

ఆయన ఒకసారి గడియారం చూసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నా పక్కన నేల మీద కూర్చున్నారు. పాట ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.