బియ్యం మీద పేరు

కృష్ణ పొంగి సాంగ్లీ వీధుల్లో పడవలు తిరిగిన ఏడాది అది. నీళ్లు తగ్గాక, మా అమ్మాయి మంగల్ అత్తవారి గోడలకు పట్టిన బురద కడుగుతూ జారిపడింది. కడుపు పోయింది. రక్తం ఆగలేదు.

కబురంది నేను ఆసుపత్రికి వెళ్లేసరికి మంగల్ నర్సుతో చెబుతోంది.

“చిన్నప్పుడు ఇక్కడే నాకు రక్తం ఎక్కించారు సిస్టర్. తర్వాత ఒంట్లో ఏదో యాంటీబాడీ పుట్టిందట. అందరి రక్తమూ పడదు. అది పరీక్షలో ఒక్కోసారి దొరకదు, నువ్వే చెప్పాలి అన్నారు. మంగల్ పేరు మీద చూడండి.”

వాళ్ల అత్త సునంద అడ్డం వచ్చింది. “మంగల్ ఎవరమ్మా? మా కోడలు ఐశ్వర్య. ఆ పేరు గడప బయటే వదిలి వచ్చింది.”

అల్లుడు రంజిత్ ఐశ్వర్య అనే రాయించాడు. ఆ పేరు పెట్టింది అతనే. పెళ్లినాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాశాడు. మా మరాఠీవాళ్లలో పెళ్లికూతురికి కొత్త పేరు అలాగే పెడతారు.

నర్సు ఆ పేరుతోనే వెతికింది. ఐశ్వర్యకు పాత రికార్డు లేదు. పరీక్షలో ఏమీ దొరకలేదు. రక్తం ఎక్కించి ఇంటికి పంపారు. వారం తిరిగేసరికి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం పాలు కలపని టీ రంగులో వచ్చింది.

“పని ఎగ్గొట్టే జబ్బు” అంది సునంద. ఆ రోజూ బట్టలు దానిచేతే ఉతికించింది.

మళ్లీ ఆసుపత్రి. “ఇదివరకెప్పుడైనా రక్తం ఎక్కించారా?” అని డాక్టరమ్మ అడిగింది.

“మా ఐశ్వర్యకా? లేదండీ” అన్నాడు రంజిత్.

మంచం మీంచి అరిచింది మంగల్. దాని గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు.

“నీ ఐశ్వర్యకు లేదు! అది పుట్టిందే మొన్న, నీ అంట్లు తోమడానికి, మీ అమ్మ కాళ్లు పట్టడానికి. ఆ పేరుకు పొయ్యి దగ్గర పలికాను, పక్క మీద పలికాను. నా రక్తం మాత్రం పలకలేదు. మొదటి రోజే నోరు విప్పి చెప్పాను. ఒక్కరు విన్నారా?”

డాక్టరమ్మ మంగల్ పేరుతో వెతికించింది. దొరికింది. పడే రక్తం పక్క ఊరు మిరజ్ నుంచి తెప్పించారు.

“ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కదు. ఎక్కడికి వెళ్లినా ఆ పేరు చెప్పండి” అంది డాక్టరమ్మ.

“ఆసుపత్రిలో చెబుతాం లెండి. ఇంట్లో మాత్రం ఐశ్వర్యే” అంది సునంద.

మంగల్ నావైపు తిరిగింది. “నాన్నా, నన్ను నా పేరుతో పిలవని ఇంట్లో అడుగుపెట్టను.”

మరునాడు పొద్దున పళ్లెంలో బియ్యం పోసుకుని ఆసుపత్రికి వెళ్లాను. అల్లుడి ముందు పెట్టాను. నాకు ఉంగరం లేదు. వేలితోనే రాశాను.

“చదువు” అన్నాను.