దిమ్మె మూలనున్న గుర్తు

1932వ సంవత్సరము జూలై 12వ తేదీ మంగళవారము ఉదయము తొమ్మిది గంటలకు, రాత్రి కురిసిన వాననీరు కాకినాడ వీథులలో నింకను పాఱుచుండగా, ‘ధ్వజవాణి’ వారపత్రికకు బొమ్మల అచ్చుదిమ్మెలు చెక్కు లక్కోజు అప్పలాచారిని పోలీసులు అతని యింటి యరుగుమీదనే పట్టుకొనిరి. నేరము, ఉప్పుమూటపై కూర్చున్న జిల్లా అధికారి బొమ్మ. దానిని గీసినవాడు పాలంకి భద్రయ్య. పట్టణములోని యొక పాఠశాలలో డ్రాయింగు మేష్టరు.

సంపాదకుడు నెల ముందే చెఱసాలకు పోయియుండెను. ఆ పత్రికకు వ్రాయువారును గీయువారును పేరు పెట్టుట లేదు. కాగితములు పని ముగిసిన వెంటనే పొయ్యిలోనికి పోవుచుండెను. అప్పలాచారి మాత్రము తండ్రి నేర్పిన వాడుక చొప్పున తాను చెక్కిన ప్రతి దిమ్మె మూలను వడ్లగింజంత యులిగుర్తు నిలుపుచుండెను. పెండ్లి శుభలేఖల దిమ్మెలపైనను అదియే గుర్తు. పోలీసులు పోల్చినది దానినే.

ఆ గుర్తును భద్రయ్య అచ్చుకు ముందు తీసిన నమూనా ప్రతిలోనే చూచెను. అంతకుముందు మూడు మారులు చూచి గీకించివేసెను. ఈ మారు, వెదకుచు వచ్చువారు ఆ గుర్తుకడనే యాగుదురుగదా యని తోచి, తోచినదానిని తనకుఁ దానే కప్పిపుచ్చుకొని, “బాగున్నది, అచ్చు వేయుఁడు” అని ప్రతిని తిరిగి యిచ్చెను.

విచారణ 18వ తేదీ సోమవారము. ఆ బొమ్మ తనదేయని వ్రాసి సంతకము చేసిన కాగితమును జేబులో నుంచుకొని భద్రయ్య పూటసెలవుపై కచేరికి వచ్చెను. వసారాలో అప్పలాచారి ప్రక్కనున్న జవాను భద్రయ్యను గుర్తుపట్టెను.

“ఏమి మేష్టరుగారూ, ఇటు వచ్చితిరి? వీఁడు మీకుఁ దెలిసినవాఁడా?”

“కాఁడు. నా పని వేఱు.”

అప్పలాచారి నవ్వెను. “నన్నీ పంతులుగా రెట్లెఱుఁగుదురయ్యా! బొమ్మలన్న గిట్టనివారివలె నున్నారు.” పిమ్మట జవానుతోనే, “కాగితముమీఁద ఆ దొర ముక్కు మూరెఁడుండెను. నేను జానెఁడు తగ్గించి చెక్కితిని. లేకున్న నింకొక యాఱు నెలలు కలిసివచ్చును” అనెను.

జవానుకూడ నవ్వెను. భద్రయ్య లోనికిఁ బోయి వెనుక బల్లపైఁ గూర్చుండెను.

“గీసినవాని పేరు చెప్పితివేని యిప్పుడే యింటికిఁ బంపెదను” అని మేజిస్ట్రేటు అనెను.

“కాగితము వచ్చెను, చెక్కితిని. కాగితమునకు నోరుండదు, దొరవారూ.”

“ఇచట నున్నవారిలో నెవరేని యెఱుఁగుదురా?”

భద్రయ్య చేయి జేబులోనికిఁ బోయెను. కాగితము చెమటకుఁ దడిసి వ్రేళ్లకంటుకొనెను. ప్రక్కనున్న ముసలివాఁడు ఇతఁడు లేవనున్నాఁడని తలఁచి కాళ్లు ముడుచుకొని దారి యిచ్చెను.

“లేదు, లేదు. కూర్చుండుఁడు” అని భద్రయ్య మెల్లగా ననెను.

మేజిస్ట్రేటు రెండవ మారడిగెను. ఎవరును లేవలేదు.

తొమ్మిది నెలల కఠినశిక్ష. అప్పలాచారిని వెనుక బల్ల ప్రక్కగానే తీసికొనిపోయిరి. అతఁడు తల త్రిప్పలేదు, భద్రయ్య తల యెత్తలేదు.

కచేరి పండ్రెండు గంటలకు ముగిసెను. రెండు గంటలకు భద్రయ్య పాఠశాలలో హాజరువేసికొని మూడవ ఫారము పిల్లలచేత కూజా బొమ్మ వేయించెను.