అమ్మ చీపురు పెట్టిన చోటు

మా అమ్మ ద్రహోమీర నోటికి ప్రాగ్ హాల్లో మంచు కూడా జడుస్తుందని అంటారు. మంచు మీద బరువైన రాళ్లను జార్చి అవతలి చివర గీసిన వలయంలో నిలిపే కర్లింగ్ ఆటలో ఇరవై ఏళ్లుగా మా జట్టుకు నాయకురాలు. అవతలి చివర నిలబడి తను చీపురు ఎక్కడ ఆనిస్తే మేం రాయిని అక్కడికే వదలాలి. ఎందుకని అడిగామో, వీపు విమానం మోతే. "చేయి జారిందమ్మా" అన్నానంటే, జబ్బలు పడిపోయేదాకా అదే రాయి వేయించేది.

అలాంటి మనిషి ఈ చలికాలంలో ఒకరోజు ఉప్పు డబ్బా పట్టుకుని, "దీన్నేమంటారే?" అంది. అమ్మమ్మకూ ఇలాగే మొదలైంది. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మా జట్టులోని బ్లాంకా పసిగట్టిందంటే అమ్మను మర్నాడే పక్కన పెట్టేస్తుంది. ఆట పోతే అమ్మ ఏమైపోతుందో తలుచుకుంటేనే భయం.

జాతీయ పోటీల్లో బ్ర్నో జట్టుతో సెమీఫైనల్. స్కోరు సమం, మిగిలింది నా చేతిలోని ఆఖరి రాయి ఒక్కటే. వలయం నడిమధ్యన బ్ర్నో వాళ్ల పసుపు రాయి, దాని పక్కనే మా ఎర్ర రాయి. పసుపుదాన్ని కొట్టేస్తే రేపటి ఫైనల్‌కు వెళ్లేది మేమే.

అమ్మ చీపురును ఎర్ర రాయి మీద ఆనించింది.

"కొట్టెయ్యవే!" అని అరిచింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మ చూపించినచోట వేస్తే ఓడిపోతాం, అమ్మ సంగతి హాలంతటికీ తెలిసిపోతుంది. వెయ్యకపోతే అమ్మకు తెలుస్తుంది. బ్లాంకా తల వంచుకుని నా రాయి వెళ్లే దారిని ఊడుస్తోంది, అమ్మ వైపు ఇంకా చూడలేదు. పసుపుదాని మీదికి వదిలాను. ఆ పసుపు రాయి వలయం దాటి బయట పడింది.

"నీ చేతికి దండం పెట్టాలే తల్లీ," అని బ్లాంకా నన్ను కౌగిలించుకుంది.

గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు బీరు పోయించడం ఈ ఆటలో ఆనవాయితీ, అందరం బల్ల చుట్టూ చేరాం. బ్లాంకా బీర్లు చెప్పడానికి లేచింది. అమ్మ నా పక్కకు జరిగింది.

"నేను పెట్టినచోట ఎందుకు వెయ్యలేదే?"

"చేయి జారిందమ్మా."

తిట్లకోసం ఎదురుచూశాను. ఆమె బల్లకింద నా మణికట్టు పట్టుకుంది.

"మనవి ఎర్రవే కదే, రద్కా?"

"అవునమ్మా."

బ్లాంకా గ్లాసులతో తిరిగి వస్తోంది. అమ్మ గొంతు తగ్గించింది.

"రేపు కూడా జారనివ్వు."