మూడో గీత దగ్గర ఊపిరి

బస్సులో పెద్ద డ్రమ్ముకి సీటు దొరికింది, పొడుగుపిల్లకి దొరకలేదు. డిక్కీలో పట్టని ఆ డ్రమ్మును కిటికీ పక్కన కూర్చోబెట్టి తాడుతో కట్టారు. మూడేళ్లుగా బడి బ్యాండులో ఫ్లూటు ఊదుతున్న పిల్లకి ఒళ్లు మండిపోదూ?

అయినా ఆమె కుళ్లంతా డ్రమ్ము మీద కాదు, బుడ్డిదాని మీద. ఇద్దరూ ఒకే స్టాండు ముందు కూర్చుని, ఒకే కాగితం చూస్తూ ఊదేవాళ్లు. పాట చివర తెగకుండా సాగాల్సిన పొడవాటి స్వరం ఒకటుంది. దానికి వంతులేసుకున్నారు. కాగితం మీద రెండో గీత దగ్గర బుడ్డిది ఊపిరి పీల్చుకునేది, పొడుగుపిల్ల ఊదుతూ ఉండేది. మూడో గీత దగ్గర ఈమె పీల్చుకునేది, బుడ్డిది ఊదుతూ ఉండేది. వినేవాళ్లకి ఒక్క ఫ్లూటే ఆగకుండా మోగినట్టుండేది. మూడో గీత దాకా బిగబట్టడం బుడ్డిదాని వల్ల ఏనాడూ కాలేదు. ఆ సంగతి పొడుగుపిల్లకి తప్ప ఎవరికీ తెలీదు.

నాలుగు రోజుల బ్యాండ్ల మేళాకి ఒక్క ఫ్లూటుకే చోటుందని తేలగానే సంగీతం మేడం బుడ్డిదాన్ని ఎంచారు.

"నీకు వచ్చు కదమ్మా. దానికి రావాలి. కొత్త చోట నలుగురిలో పడితే అదే వస్తుంది," అన్నారు మేడం. కాస్త ఆగి, "పక్కన కూర్చునేదానివి నువ్వే కదా, ఆ చివరి స్వరం ఒక్కతే లాగగలదా? లేదంటే చెప్పు, కుదించేస్తాను," అని అడిగారు.

"ఊదేస్తుంది మేడం," అంది పొడుగుపిల్ల. తన గొంతులో అంత తీపి ఎక్కడిదో తనకే అర్థం కాలేదు. అందరి ముందూ దాని ఊపిరి తెగాలి. అప్పుడు తెలిసొస్తుంది, ఎవర్ని వదిలేసి వెళ్లారో.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

"ఏమే, మొహం మాడ్చుకుని తిరుగుతున్నావ్?" అంది అమ్మ.

"నాకేం కుళ్లు లేదు."

"కుళ్లని నేనన్నానా?" అని అమ్మ నవ్వింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

కచేరీ రోజు పదకొండింటికి క్లాసులో గోడ గడియారం చూసింది. ఈపాటికి రెండో గీత వచ్చుంటుంది, అనుకుంది. లోపల్లోపల సంబరపడింది. తప్పని తెలుసు, అయినా సంబరపడటం మానలేదు.

సోమవారం మధ్యాహ్నం సంగీతం గదిలోకి బుడ్డిది పరిగెత్తుకొచ్చింది.

"నా ఊపిరి అయిపోయిందే! మొదటిరోజు రిహార్సల్లోనే. చచ్చాననుకున్నా. అదే పాట నేర్చుకున్న వేరే బడి ఫ్లూటు పిల్ల చప్పున నా పక్కనొచ్చి కూర్చుని స్వరం అందుకుంది. దాని మాటలు నాకు రావు, నావి దానికి రావు. అదీ రెండో గీత దగ్గరే పీల్చుకుంటుంది! ఇంక నేనేం చెయ్యను? మూడో గీత దాకా లాగాలి. రోజూ పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఇద్దరం అదే పని. కచేరీలో లాగేశా తెలుసా!"

పొడుగుపిల్లకి 'నా పక్కనొచ్చి కూర్చుని' అన్న ముక్కే వినిపించింది. మూడేళ్లు తను కూర్చున్న చోట ఊరూ పేరూ తెలీని పిల్ల కూర్చుంది.

"నాకు కుదరదని మేడంకి చెప్పేద్దామనుకున్నానే," అంది బుడ్డిది. "కానీ నేను ఊదేస్తానని నువ్వే అన్నావంటగా. నువ్వన్నావంటే నిజమేనేమో అనుకున్నా."

పొడుగుపిల్లకి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పాలని నోరు తెరిచింది. ఈలోగా మేడం చెయ్యెత్తారు.

పాట మొదలైంది. చివరి స్వరంలో రెండో గీత దగ్గర ఇద్దరూ ఊదుతూనే ఉన్నారు. మూడో గీత దగ్గర ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు. స్వరం పుటుక్కున తెగింది. గదిలో అందరూ వీళ్లవైపు తిరిగారు.

"అయ్యో, నీ చోట పీల్చేశానే!" బుడ్డిది నాలుక కరుచుకుంది. "నేను మళ్లీ రెండో గీతకే వెళ్లిపోతాలే."

సరేనంటే చాలు. అంతా మునుపటిలాగే ఉంటుంది, బుడ్డిది బుడ్డిదిగానే ఉండిపోతుంది. పొడుగుపిల్లకి సరేననాలనే ఉంది.

"వద్దు," అంది. రబ్బరు తీసి, మూడో గీత మీద మూడేళ్లనాటి తన టిక్కును తుడిపేసింది. కాగితం చిరిగేంత గట్టిగా తుడిచింది. పెన్సిలుతో రెండో గీత మీద కొత్త టిక్కు పెట్టింది. "మూడోది నువ్వే ఉంచుకో."

కుళ్లు పోయిందనుకునేరు. ఎక్కడికీ పోలేదు. మెట్ల మీద కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇంకా మండుతూనే ఉంది.

"మళ్లీ," అన్నారు మేడం.

రెండో గీత వచ్చింది. ఊపిరి ఇంకా బోలెడు మిగిలుండగానే పొడుగుపిల్ల ఆగింది. పక్కన బుడ్డిది ఒక్కతే స్వరాన్ని లాగుతోంది. వణకలేదు, తగ్గలేదు. ఊపిరికి తడుముకోకుండా ఆ ఫ్లూటును అలా తీరిగ్గా వినడం తనకి ఇదే మొదటిసారి. బాగుంది. ఏడుపొచ్చేంత బాగుంది.