పెద్దక్క వేసిన ముడి

మూడో వార్డులో పెద్దక్క వేసిన ముడి ఊడదని పేరు. ముప్పై ఏళ్లుగా ఆమెను నిలబెట్టిన ఆ పేరే ఇప్పుడు పీకల మీదికి తెచ్చింది.

పెద్దక్క ఆ వార్డుకు హెడ్ నర్సు. అంతకుముందు చాలా ఏళ్లు ఆపరేషన్ గదిలో సర్జన్ల పక్కన నిలబడి పనిచేసింది. వాళ్ల కుట్లు చూసి చూసి, ఆ ముడి వేయడంలో వాళ్లనే మించిపోయింది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. చేతిలో విద్య ఉన్నవాళ్లకు చేతులు ఊరుకోవు కదా.

నర్సుల మెడల్లో గుర్తింపు కార్డు వేలాడే పట్టీ ఒకటి ఉంటుంది. దానికి మెడ వెనక చిన్న క్లిప్పు. మంచం మీదికి కాస్త వంగితే చాలు, ఆ క్లిప్పు ఊడి, కార్డు ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడే పడేది. ఒకరోజు చిలక కార్డు వెళ్లి డ్రెస్సింగ్ బేసిన్‌లో పడింది. మేట్రన్ వార్డంతా దద్దరిల్లేలా కేకలేసింది.

చిలక అంటే వార్డులో అందరికన్నా చిన్న నర్సు. చేరి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. సూది అంటే వణికే ముసలాయన కూడా "ఆ వాగుడుకాయ వచ్చి పొడిస్తేనే పొడిపించుకుంటా" అనేవాడు.

"అక్కా, ఈ దిక్కుమాలిన క్లిప్పుకి ఏదో ఒక దారి చూడండి," అంది చిలక.

పెద్దక్క మిగిలిపోయిన కుట్టు దారం తీసి, క్లిప్పును కదలకుండా ముడివేసి ఇచ్చింది. అది చూసి మిగతావాళ్లు వరస కట్టారు. టీ చల్లారేలోపు తన దానితో కలిపి పద్నాలుగు పట్టీలు బిగించి, "ఇక ఏనుగు లాగినా ఊడదు, పొండి!" అంది.

ఏనుగు రాలేదు. జ్వరం తలకెక్కి ఒళ్లు తెలియని రోగి వచ్చాడు. సెలైన్ చూడబోయిన చిలక పట్టీని దొరకబుచ్చుకుని, పిడికిలికి చుట్టుకుని లాగాడు. అతనికి తాను ఏం చేస్తున్నాడో తెలియదు, చిలకకు అరవడానికి గొంతు లేదు. పక్క మంచం దగ్గరున్న పెద్దక్క పరుగెత్తుకొచ్చి కత్తెరతో పట్టీ కోసింది. పిల్ల కింద పడి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, తన చేతిలో మిగిలిన ముక్క వంక చూసింది. ముడి చెక్కుచెదరలేదు. ఎవరూ చూడకుండా ఆ ముక్కను జేబులో పెట్టుకుంది.

ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. రెండేళ్లలో రిటైరవబోతోంది. ముప్పై ఏళ్లలో ఒక్క మాట పడని మనిషి. ఇప్పుడు నలుగురిలో ఏమని చెప్పుకోవాలి? రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపటికి మర్నాడు కూడా అదే అనుకుంది.

ఈలోగా మేట్రన్, క్లిప్పు ఊడలేదంటే దాన్ని చిలకే ముడివేసుకుని ఉంటుందని తేల్చి, నిర్లక్ష్యం కింద ఎందుకు తీసేయకూడదో చెప్పమని కాగితం ఇచ్చింది. చిలక డ్యూటీకి వస్తున్నా గొంతు వాచి ఉంది, మూడు వారాలు మాట్లాడవద్దన్నాడు డాక్టర్. కాగితం మీదే జవాబు రాసింది: "నాకు గుర్తు లేదు." ఆ మూడు మాటలు చదివిన రోజు పెద్దక్కకు అన్నం సయించలేదు. పిల్ల అబద్ధం ఎవరి కోసం రాసిందో ఆమెకు తెలుసు.

పన్నెండో రోజున ఆసుపత్రి వాళ్లు నర్సులకు శిక్షణ పెట్టారు. ఎవరైనా మీద పడితే ఎలా కాచుకోవాలో నేర్పడానికి, పాతికేళ్లు జైలు కాపలా చేసి వచ్చిన బట్టతల మాష్టారిని పిలిపించారు. పట్టీలు కూడా లాగి చూస్తారని ముందురోజే తెలిసింది. పెద్దక్క "కడిగించాలి, ఇవ్వండి" అని పన్నెండు పట్టీలూ పోగుచేసి, దుప్పట్ల గదిలో కూర్చుని ముడులన్నీ కోసేసింది. తనది కోయబోతుండగా వార్డు నుంచి పిలుపొచ్చింది. పట్టీలు తిరిగి తీసుకున్నప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. అందరి సెలవులూ, డ్యూటీలూ రాసేది పెద్దక్కే మరి.

శిక్షణ మీటింగ్ హాల్లో. మాష్టారు మొదటి పాఠం చెప్పాడు: "ఎవరి మీద నమ్మకం లేదో వాళ్ల ముందు ఎప్పుడూ తలుపు మీ వైపు ఉండేలా నిలబడండి. గదిలో అడుగు పెట్టగానే చూసుకోవాల్సింది అదే."

కోపంతో ఊగిపోయే బంధువు వేషం అంబులెన్స్ డ్రైవర్‌కు ఇచ్చారు. అతను "మా మనిషిని ఏం చేశారు!" అని గర్జిస్తూ వచ్చి, కుర్చీ తగిలి, "సారీ సిస్టర్, దెబ్బ తగిలిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. వెనక వరసలో మెడకు గుడ్డ చుట్టుకుని కూర్చున్న చిలక నవ్వలేదు. మామూలుగా పెద్దక్క పక్కన తప్ప ఇంకెక్కడా కూర్చోని పిల్ల.

తర్వాత మాష్టారు ఒక్కొక్కరి పట్టీ పట్టుకుని లాగాడు. టక్కున ఊడింది. పక్కది, దాని పక్కది, పన్నెండూ ఊడాయి.

"చూశారా? ప్రాణం మీదికొస్తే దానంతటదే ఊడుతుంది. మరి ఆ అమ్మాయిది ఎందుకు ఊడలేదు?"

"ముడేసుకుంటే ఎందుకు ఊడుతుందండీ?" అంది మేట్రన్. "అందరివీ బాగానే ఉన్నాయి, తనదొక్కటే ఇలా అయింది. ఇంకేం సాక్ష్యం కావాలి? సాయంత్రం సూపరింటెండెంట్ గారికి ఇదే రాసిస్తాను." అని అప్పుడే నోటుబుక్కు తెరిచింది.

పన్నెండు తలలు నేలకు దిగాయి. కొరివితో తల గోక్కోవడం అంటారు. పెద్దక్క అంతకన్నా ఘనకార్యం చేసింది, పక్కపిల్ల తల గోకింది. తాను ముడులు కోయకపోయి ఉంటే ఈపాటికి నిజం దానంతటదే బయటపడి ఉండేది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీది అక్కర్లేదులెండి మేడమ్, పెద్దవారు," అని మాష్టారు ఆమెను దాటి వెళ్లబోయాడు.

ఆ ఒక్క మాటతో ఆమె తప్పించుకున్నట్టే. కూర్చుని ఉంటే చాలు.

"నాదీ లాగండి," అంది పెద్దక్క.

మాష్టారు లాగాడు. ఊడలేదు. మెడ ముందుకు వంగింది, పట్టీ ఒరుసుకుని మంట పుట్టింది.

"ఇంకా గట్టిగా."

మరోసారి లాగేసరికి ఆమెకు దగ్గు ముంచుకొచ్చింది. మాష్టారు కంగారుగా వదిలేశాడు. "ఇదేంటమ్మా ఇది?"

"ముడి. నేనే వేశాను." జేబులోంచి కోసిన ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "ఆ పిల్లదీ నేనే వేశాను. అందరివీ వేసి, నిన్న కోసేశాను. మేట్రన్ గారూ, మీరు రాసేదేదో నా పేరు మీద రాయండి."

మేట్రన్ కలం ఆగిపోయింది.

చిలక లేచి వచ్చింది. పెద్దక్క జేబులోని కత్తెర తీసి, ఆమె మెడలోని పట్టీని కోసింది. నెమ్మదిగానే కోసింది. పెద్దక్కకు కళ్లనీళ్లు ఆగలేదు.

"తిట్టవే. ఏదో ఒకటి అను."

చిలక గొంతు ఇంకా రాలేదు. వచ్చింది బొంగురు గాలి.

"పన్నెండు రోజులు చూశానక్కా," అంది. "రోజూ పొద్దున్నే మీ మొహం వంకే చూశాను."

పెద్దక్క నేర్పినట్టే, చిలక కత్తెరను పిడి ఆమె వైపు తిప్పి చేతిలో పెట్టింది. తర్వాత పెద్దక్క పక్కనున్న ఖాళీ కుర్చీ దాటుకుంటూ వెళ్లి, తలుపు దగ్గర కూర్చుంది.