కోపంతో కలిపి ఎన్ని కిలోలు

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: రిటైరైన లిఫ్టు మెకానిక్కు, ఆయన కూతురు, ఆ కూతురి తమ్ముడు. పొద్దున్న ఏడు కాగానే ముసలాయన గుమ్మం పక్కనున్న కాటా ఎక్కుతాడు. బస్తాలు తూచే ఇనప కాటా అది. తమ్ముడు బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చి అంకె చూసి, "ఇవాళ నూట అరవై" అని మెట్ల వైపు కేకేస్తాడు. ఆ కేక విని కింది అంతస్తుల వాళ్లు తమ పనులు సర్దుకుంటారు. రెండొందలు దాటితే లిఫ్టులో ఆయనతో పాటు ఇంకొకరు ఎక్కకూడదు. మూడొందలు దాటితే ఆయన కిందికి చేరేదాకా అందరికీ మెట్లే గతి. ఆయన ఒంట్లో ఉన్నది డెబ్బై కిలోలు. మిగతాదంతా కోపం.

ఆ కోపం ఆరేళ్ల నాటిది. లిఫ్టులన్నీ కంప్యూటర్ల చేతికి పోయాక కంపెనీ ఆయన పనిముట్ల పెట్టె వెనక్కి తీసేసుకుని, ఓ గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపింది. కంపెనీ మీద కోపం కంపెనీ మీద చూపించడం కుదిరే పనా? ఇంట్లో ఇద్దరున్నారు కదా, వాళ్ల మీద చూపించాడు. కూర చల్లారినా కోపమే, కూతురు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినా కోపమే. ఏ రోజు కోపం ఆ రోజు దిగిపోతే బాగుండేది. దిగేది కాదు.

కూతురు ఫిజియోథెరపిస్టు. ఎవరెవరి తండ్రులనో చంకల కింద చేతులేసి లేపి నడిపిస్తుంది, సొంత తండ్రిని కుర్చీలోంచి లేపడం మాత్రం ఆమె తరం కాదు. నెల క్రితం కొండలవతలి పట్నంలోని వెన్నెముక ఆసుపత్రి నుంచి ఆమెకి ఉత్తరం వచ్చింది. విభాగం మొత్తం మీ చేతికే అప్పగిస్తాం, వచ్చే నెల మొదటి సోమవారం చేరండి అని. పదేళ్లుగా ఆమె కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన ఉద్యోగం. చదివి వినిపిస్తే ముసలాయన, "వెళ్లు. ఎవరు వద్దన్నారు?" అన్నాడు. అంటుండగానే ఆయన కాళ్ల కింద టైలు పగిలింది.

చిక్కంతా కారు దగ్గరొచ్చింది. పాత కారు వెనక స్ప్రింగులు ఆయన కిందే విరిగి ఊరుకున్నాయి. వారానికోసారి ఆయన్ని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. బస్సులో ఎక్కనివ్వరు. ఆటోలో కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. తమ్ముడు లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పిన మహానుభావుడు. ఇక మిగిలింది కూతురే. కొత్త ఉద్యోగంలో వారానికి ఒక్కరోజే సెలవు. ఆ ఒక్కరోజులోనే రెండొందల పది కిలోమీటర్లు వచ్చి, తండ్రిని డాక్టరుకి చూపించి, మళ్లీ రెండొందల పది వెనక్కి వెళ్లాలి. కొండదారిలోకి పెట్రోలు బండ్లని రానివ్వడం మానేశారు, ఛార్జర్లు మాత్రం ఇంకా పెట్టలేదు. ఛార్జింగు ఉన్నది ఆసుపత్రి క్వార్టర్సులో. ఇక్కడ అపార్టుమెంటు సంఘం వాళ్లు ప్లగ్గు పెట్టుకోనివ్వరు. కాబట్టి ఒక్క ఛార్జింగుతో నాలుగొందల ఇరవై నడిచే బండి కావాలి ఆమెకి.

అలాంటిది ఒకటుంది, నీలం రంగుది. నాలుగొందల ఎనభై నడుస్తుంది, కానీ మోసేది నాలుగొందల కిలోలే. దాని పక్కనే బూడిదరంగుది. ఆరొందల యాభై కిలోలు మోస్తుంది, నడిచేది మాత్రం మూడొందల పది.

"నీలంది నీ కోసం, బూడిదది నాన్న కోసం. ఇంకేముంది, చెరి సగం కోసి అతికిద్దాం" అన్నాడు తమ్ముడు.

ముసలాయన షోరూము వాళ్లిచ్చిన వివరాల కాగితాన్ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని, "రాసింది ఎవడైనా రాస్తాడు. పరీక్ష పెట్టకుండా సంతకం పెట్టను" అన్నాడు.

"సంతకం నాది నాన్నా. నా జీతం, నా బండి."

"ఎక్కేది నేను."

ఆ మాటతో ఆయన కుర్చీ కాళ్లు అంగుళం పక్కకి ఒరిగాయి. శనివారం షోరూముకి వెళ్లారు. చేరాల్సిన సోమవారానికి రెండు రోజులే ఉంది.

సేల్స్‌మన్ చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఎదురొచ్చాడు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఫారం తీశాడు.

"పెద్దాయనది కోపంతో కలిపి ఎన్ని కిలోలు రాయమంటారండీ?"

"మామూలుగా నూట అరవై. పోట్లాడితే మూడొందల ముప్పై" అన్నాడు తమ్ముడు.

సేల్స్‌మన్ రాసుకుని, నలుగురూ కలిసి ఫ్లైఓవరు ఎక్కి దిగొద్దామన్నాడు. ముసలాయన కదల్లేదు. "ఖాళీ లిఫ్టు నడిపి బాగుందని రాసే వెధవని ఉద్యోగంలోంచి తీసేయాలి. మేం రాసిన బరువు మీద ఇంకో పావు వంతు వేసి చూసేవాళ్లం. నన్ను నిండా ఎక్కించి చూడండి" అన్నాడు. నిండా అంటే నిండు కోపంతో అని అర్థం. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ ఇంటివాళ్లకి తప్ప ఇంకెవరికీ రాని పద్ధతి ఇది, కారు కొనడానికి వెళ్లి తండ్రిని తిట్టడం.

నీలం బండి కూతురు నడిపింది. సేల్స్‌మన్ ఆమె పక్కన, తండ్రీ కొడుకులు వెనక. ఫ్లైఓవరు మొదట్లో తెర మీద ఇంకా నడవగల దూరం నాలుగొందల డెబ్బై రెండు అని చూపించింది. ఆ అంకె చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"మొదలెట్టు" అంది తమ్ముడితో.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ఆ కంప్యూటరు పెట్టాక మన లిఫ్టు ఒక్కసారి కూడా ఆగలేదట. నీ హయాంలో వారానికి రెండుసార్లు ఆగేది."

అంతే. ముసలాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. బండి వెనక భాగం కూలబడింది. టైరు ఎక్కడో రాసుకుని కాలిన వాసన వచ్చింది. తెర మీద అంకె మూడొందల తొంభైకి, అక్కణ్ణించి రెండొందల అరవైకి జారింది. ఎర్ర దీపం వెలిగి, ముసలాయన సీటు బరువు నాలుగొందల ఇరవై కిలోలని చూపించి, కూత పెట్టింది.

"చూశావా? నీ బండి నన్ను మొయ్యదు" అన్నాడు ముసలాయన వెనక నుంచి. ఆ గొంతులో ఉన్నది సంతోషం.

అద్దంలో ఆయన మొహం చూసి కూతురికి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఇంతకంటే పెద్ద మాటలకే మూడొందల ముప్పై దాటని మనిషి, ఇక్కడ ఒక్క మాటకి నాలుగొందల ఇరవై తూగాడు. కావాలనే తెచ్చుకున్నాడు కోపం. ఆమె బండి తిప్పింది.

బూడిదరంగు బండిలో కూర్చోగానే ముసలాయన సీటుకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఆహా, ఇందులో ప్రాణానికి హాయిగా ఉంది" అన్నాడు. ఫ్లైఓవరు సగం ఎక్కినా అంకె మూడొందల పది దగ్గర చెక్కుచెదరలేదు. తమ్ముడు లిఫ్టు మాట ఎత్తాడు, గడియారం మాట ఎత్తాడు. ముసలాయన చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాడు.

"నాన్నా, ఇది పరీక్ష కాదు, మోసం. దీంట్లో ఎందుకు రావడం లేదు కోపం?" అంది కూతురు.

"రావడం లేదు, ఏం చెయ్యమంటావు?"

"అయితే విను. నీలం బండైనా, బూడిద బండైనా, అసలు బండే లేకపోయినా సోమవారం నేను వెళ్తున్నాను. నువ్వు కాటా పగలగొట్టుకున్నా సరే వెళ్తున్నాను."

బండి దిగబడుతుందని సేల్స్‌మన్ పైనున్న పిడి పట్టుకున్నాడు. దిగబడలేదు. ముసలాయన కళ్లు కూడా తెరవలేదు.

"ఎక్కడికి వెళ్తావు? నిన్ననే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశాను. మా అమ్మాయి మనసు మార్చుకుంది, ఇంకెవరినైనా చూసుకోండి అని. నంబరు ఆ ఉత్తరం మీదే ఉందిగా."

ఆ మాట కడుపులో దాచుకోలేక నిన్నట్నుంచీ సతమతమవుతున్నాడో ఏమో, బయటపడగానే ఆయన బరువు దిగడం మొదలైంది. వెనక స్ప్రింగులు ఒకటొకటిగా సర్దుకుంటున్న చప్పుడు అందరికీ వినిపించింది. "అక్కా, నాన్న కింద సీటు పైకి లేచింది" అన్నాడు తమ్ముడు.

కూతురు బండిని రోడ్డు పక్కకి తీసి ఆపింది. ఆమె ఏడవలేదు. పదేళ్లు. ఎవరెవరి వీపులనో ఎత్తీ దింపీ సంపాదించుకున్న పదేళ్లు, ఆయన ఓ మధ్యాహ్నం నీళ్లు తాగినంత తేలిగ్గా ఫోన్ చేసి చెరిపేశాడు. ఆ తండ్రి మీద ఆమెకి అసహ్యం వేసింది. అసహ్యం వేసినందుకు ఎప్పుడూ వచ్చే సిగ్గు కూడా ఈసారి రాలేదు. కింద సీటు మూలిగింది. బండి నెమ్మదిగా డ్రైవరు వైపుకి ఒరిగింది. తెర మీద అంకె రెండొందల తొంభై అయింది, రెండొందల అరవై అయింది, రెండొందల ముప్పై దగ్గర ఆగింది.

ముసలాయన తలుపు తీసుకుని కిందికి దిగాడు, ఎవరి సాయమూ లేకుండా. పాత అలవాటు కొద్దీ వంగి చక్రానికీ అంచుకీ మధ్య వేళ్లు పెట్టి కొలిచాడు. వెనక నాలుగు వేళ్లు పట్టాయి. ముందు, కూతురి వైపు, ఒక్క వేలు కూడా దూరలేదు. ఆయన మొహంలో చిరునవ్వు పోయింది.

"అమ్మాయ్, కాస్త మనసు చల్లబరుచుకో" అన్నాడు కిటికీ దగ్గరికి వచ్చి.

ఆమె ఆయన వైపు చూడకుండా ఫోన్ తీసి ఆసుపత్రికి కలిపింది. "నిన్న వచ్చిన ఫోన్ నేను చేయించింది కాదండీ. ఇంకెవరికైనా ఇచ్చారా?" అవతల ఏదో చెప్పారు. "సరేనండీ. సోమవారం ఎనిమిదింటికి అక్కడుంటాను" అని పెట్టేసింది.

షోరూముకి తిరిగొచ్చాక సేల్స్‌మన్ ఫారం ముందు పెట్టి, "ఏది రాయమంటారండీ?" అన్నాడు.

"బూడిదరంగుది. రేపు పొద్దున్నకి నిండా ఛార్జి చేసి ఇవ్వండి."

ముసలాయన అంతలోనే తేరుకున్నాడు. మొహం విప్పారింది. "అద్గదీ. అయినా మూడొందల పదేగా అది నడిచేది? రానూ పోనూ నాలుగొందల ఇరవై కావాలన్నావుగా?"

"పోవడానికి రెండొందల పది చాలు."

"మరి రావడానికో?"

"రావడానికి ఎందుకు? నీకిప్పుడు నా బండి అక్కర్లేదు. డెబ్బై కిలోలు బస్సులో ఎక్కించుకుంటారు. వెళ్లండి, ఇద్దరూ ఇంటికి కూడా బస్సులోనే వెళ్లండి."

ఆయన పళ్లు బిగించాడు. పిడికిళ్లు బిగించాడు. కింద నేల పగులుతుందేమోనని తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు. నేల పగల్లేదు. ఆరేళ్లుగా పిలవకపోయినా వచ్చే కోపం, పిలిస్తే రాలేదు. ఆయన ఇంకేం చెయ్యాలో తెలియనట్టు కొడుకు భుజం పట్టుకున్నాడు.

అద్దాల గోడలోంచి కూతురికి బస్టాపు కనిపిస్తోంది. బస్సు వచ్చింది. కండక్టరు ముసలాయన్ని ఎగాదిగా చూశాడు, పక్కకి జరిగి దారిచ్చాడు. ఆయన ఒక్క అంగలో మెట్టెక్కేసి, తలుపు దగ్గర ఆగి షోరూము వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. జాలి పడదామని చూసింది, అదీ రాలేదు.

సంతకానికి ఆమె ముందుకి వంగేసరికి ప్లాస్టిక్కు కుర్చీ కాళ్లు విచ్చుకున్నాయి. సేల్స్‌మన్ ఒక్క నిమిషమండీ అని లోపలికి వెళ్లి ఇనప కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు.