కాగితం ఊడి రావాలి

నా కుడిచేతి వేళ్లకు సూది గుచ్చుకుంటే ఆ సంగతి నాకు రక్తం చెప్పాలి. తెల్లగుడ్డ మీద ఎర్రచుక్క కనబడితే, ఓహో గుచ్చుకుందన్నమాట అనుకుంటాను. అంతే. కోపం రాదు, ఏడుపూ రాదు. మార్చిలో పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది, కాలు సర్దుకుంది, చెయ్యి కూడా లేస్తుంది, వంగుతుంది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. వనపర్తి దవాఖానలో డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో నాకు అర్థం కాలేదు.

నా పేరు గౌస్ పాషా. ఖిల్లా ఘణపూర్‌లో ముప్పై రెండేళ్లు ఆడవాళ్ల బట్టలు కుట్టాను. గద్వాల చీర జాకెట్టు ముక్కను రెండు వేళ్ల మధ్య నలిపి, ఉతికితే అది ఎంత కుదించుకుపోతుందో చెప్పేవాణ్ణి. ఆ వేళ్లే ఇప్పుడు పనికిరాకుండా పోయాయి. దుకాణం మూతపడి ఆరు నెలలు దాటింది. దుకాణం యజమాని కురుమూర్తి మంచివాడు, ఇన్నాళ్లూ ఓపిక పట్టాడు. మొన్న ఇంటికొచ్చి మెల్లగా అడిగాడు.

"పాషా భాయ్, నువ్వు మళ్ల కుడుతనంటే తాళం నీ కాడనే ఉంటది. లేదంటే మా చెల్లె కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెడ్తడట. వచ్చే శుక్రారం వస్త, ఏదో ఒక మాట చెప్పు."

దుకాణం పోతే నేనెవరినో నాకు తెలియదు. ఊళ్లో నా పేరు వెనక టైలర్ అన్న మాట లేకుండా ఎవరూ పిలవరు. ఇంత పెద్ద సంగతి తలుచుకున్నా నా లోపల ఏమీ కదలలేదు. అదే నన్ను భయపెట్టాలి, భయం కూడా పుట్టలేదు.

మా అమ్మాయి సిద్రా డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్‌లో చూసి ఒక పని నేర్చుకుంది, వేళ్లకు మంచిదని నాకూ నేర్పుతానంది. ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ అట. పాత పెళ్లిపత్రికల అట్టను ఆరు మూలల ముక్కలుగా కత్తిరించాలి. ఒక్కో అట్ట మీద గుడ్డ మడిచి కచ్చా కుట్టు వేయాలి. అలాంటివి ఏడు, అంచుకు అంచు కలిపి చేత్తో కుడితే పువ్వవుతుంది. చివర కచ్చా దారం తీసేసి, లోపలి కాగితాలను లాగేయాలి.

"పెట్టుడెందుకు, పీకుడెందుకు? గా ఇంగ్లిషోళ్లకు పనేం లేదా?" అన్నాను.

"జర ఇను అబ్బా. సూది గుడ్డనే పట్టాలె, కాగితంల నుంచి పోవద్దు. పోయిందనుకో, కాగితం ఊడిరాదు."

"పోయిందని ఎట్ల తెలుస్తది?"

"వేలికి తెలుస్తది" అనేసి నాలుక కరుచుకుంది.

సిద్రాది ఎడమచేతి వాటం. నా ఎదురుగా కూర్చుని కుడుతుంటే అద్దంలో చూసి నేర్చుకున్నట్టే ఉండేది. మొదటి ముక్కకే నేను అలవాటుగా చుట్టూ ఇంచు మార్జిన్ వదిలాను. అంత గుడ్డ ఎందుకంది సిద్రా. రేపు లావెక్కితే విప్పుకోవద్దా అన్నాను. "పువ్వు లావెక్కదు అబ్బా!" అంది. నా భార్య మౌలాబీ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ, అది నవ్వాల్సిన చోటని గుర్తుపట్టాను.

మొదటి పువ్వులో ఒక్క కాగితమూ రాలేదు. లాగితే అట్ట చిరిగింది, అంచులు చీలాయి. రెండోదాంట్లో రెండు వచ్చాయి. "రెండొచ్చినయ్ గద!" అని మౌలాబీ ఇల్లంతా తిరిగింది. అప్పుడే నేను వాళ్లిద్దరికీ చెప్పేశాను. మూడో పువ్వులో ఏడు కాగితాలూ ఊడివస్తే దుకాణం తెరుస్తాను, ఒక్కటి ఇరుక్కున్నా తాళం ఇచ్చేస్తాను. సిద్రా ఏడు కొత్త అట్టముక్కలు కత్తిరించి నా ముందు పెట్టింది.

నాలుగు రోజులు కుట్టాను. వేళ్లకు తెలియనిది కళ్లతో పట్టాలని చూశాను. మడత లోపల సూది ఎటు పోతుందో కళ్లకేం కనబడుతుంది? శుక్రవారం పొద్దుటికి పూర్తిచేసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. జుమ్మా నమాజుకు పోయి, తర్వాత చాయ్ హోటల్లో కాసేపు కూర్చుని వచ్చేసరికి రెండు గంటలు పట్టింది.

కురుమూర్తి అప్పటికే వచ్చి ఉన్నాడు. మౌలాబీ నా పందెం సంగతి అతనికి చెప్పి, డబ్బా తెచ్చింది. సిద్రా కచ్చా దారాలు లాగేసి, మొదటి కాగితం కొసను పట్టుకుంది. మెత్తగా జారి వచ్చింది. రెండోది వచ్చింది. ఏడూ వచ్చాయి. మౌలాబీ కొంగు కళ్లకు అద్దుకుంది.

"ఇగ ఏంది పాషా భాయ్! మా మేనల్లునికి వేరే జాగ సూస్తమ్ తీ" అన్నాడు కురుమూర్తి.

ఆరు నెలల తర్వాత నా ఛాతీలో ఏదో లేచింది. పువ్వును ఎడమచేత్తో తీసుకుని వెనక్కి తిప్పాను. ఒక్కో కుట్టూ చూశాను. నేను కుట్టిన కుట్లు ఒకవైపు వాలుతాయి. ఇవి రెండోవైపు వాలి ఉన్నాయి. అది ఎడమచేతి కుట్టు. నేను నమాజులో ఉన్నప్పుడు నా బిడ్డ నూరుకు పైగా కుట్లు విప్పి, మళ్లీ వేసింది. తలెత్తి చూశాను. సిద్రా నేల చూపులు చూస్తోంది.

నేను నోరు మూసుకుంటే చాలు. కురుమూర్తి వెళ్లిపోతాడు. రేపు షట్టరు లేపుతాను. ఎల్లుండి ఎవరో పెళ్లి జాకెట్టు తెస్తారు, దాన్ని పాడుచేస్తాను. ఛాతీలో లేచింది మళ్లీ అణిగిపోయింది.

"కురుమూర్తీ, గిది నేను కుట్టింది గాదు."

"ఏం మాట్లాడుతుండ్రు?" అంది మౌలాబీ.

"మన బిడ్డ కుట్టింది. నా చెయ్యి రాలే."

తాళంచెవి తీసి కురుమూర్తి చేతిలో పెట్టాను. షట్టరు ఎడమ మూల వానకు కారుతుందని, ముందే బాగు చేయించుకొమ్మని మేనల్లుడికి చెప్పమన్నాను. అతను తాళంచెవి జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మౌలాబీ వంటింట్లోకి పోయింది.

సిద్రాను తిట్టాలి. తిట్టేంత కోపం ఎక్కడా దొరకలేదు. తను వచ్చి నా మోకాళ్ల దగ్గర కూలబడి, నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకు ఆనించుకుంది.

"తప్పయింది అబ్బా. జర తిట్టన్న తిట్టు."

తన కన్నీళ్లు నా వేళ్ల మీదుగా కారడం చూశాను. గట్టిగా నొక్కుతోంది కాబోలు, తన గోళ్లు తెల్లబడ్డాయి.

"పట్టుకున్న గద, తెలుస్తదా అబ్బా?"

"తెలుస్తది బిడ్డా," అన్నాను. "నీ చేతులు ఎచ్చగున్నయ్."